అధీకృత గోరు

పరాంకుశం కుడిచేతి బొటనవేలి గోరు ఆగస్టు పదిహేడో తేదీ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ప్రభుత్వ ఆస్తి అయింది. అంతకు ముందు నలభై ఒక్క ఏళ్ళు అది అతని దగ్గరే ఉంది. ఉత్తర్వు అందేసరికి అతను ఆఫీసులో తన బల్ల ముందు కూర్చుని క్యారేజీలో తెచ్చుకున్న పెరుగన్నం తింటున్నాడు. కాగితం రెండుసార్లు చదివి, ఆ వేలిని జాగ్రత్తగా గిన్నెలోంచి బయటికి తీసి, కడిగి, తుడిచి, మిగతా నాలుగు వేళ్ళతో తినబోయాడు. ముద్దని నోట్లోకి నెట్టేది బొటనవేలేనని అతనికి ఆ రోజే తెలిసింది. పెరుగన్నం చొక్కా మీద పడింది. చొక్కా అతని సొంతం కాబట్టి దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఇదంతా చీమలతో మొదలైంది.

హాస్టళ్ళకీ ఆస్పత్రులకీ వంటగదులు కట్టించడం కోసం ఏర్పడిన వంటశాలల నిర్మాణ మండలిలో పరాంకుశం నాణ్యతా విభాగపు అసిస్టెంట్ ఇంజనీరు. ఆ ఏడాది ఫిబ్రవరిలో మండలి చైర్మన్ ఒక కొత్త వంటగదిని ప్రారంభించడానికి వెళ్ళి, రిబ్బను కత్తిరించాక, ఫొటో కోసం నల్ల గ్రానైట్ వంటగట్టు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. రెండు బండలు కలిసే అతుకులోంచి చీమలు బారు తీరి వచ్చి, ఆయన చేతి గడియారం మీదుగా మోచేతి దాకా వెళ్ళాయి. ఫొటోగ్రాఫరు "నవ్వండి సార్, నవ్వండి" అంటూనే ఉన్నాడు. ఆ రోజు పౌష్టికాహారం గురించి ప్రసంగించవలసిన చైర్మన్, అతుకుల గురించి ప్రసంగించారు. వారం తిరక్కుండా "అతుకుల నాణ్యతా నిర్ధారణ సంఘం" ఏర్పడింది. పర్యవేక్షక ఇంజనీరు మార్కండేయులు దానికి అధ్యక్షుడు.

మార్కండేయులు మాటలకి ఇస్త్రీ చేసుకుని వాడే మనిషి.

"ముందుగా మనం మౌలికమైన ప్రశ్న వేసుకోవాలి," అన్నారు ఆయన మొదటి సమావేశంలో. "అతుకు అనగానేమి?"

"రెండు బండలు కలిసే చోటు సార్," అన్నాడు ఒక ఇంజనీరు.

"కలిసే చోటా, విడిపోయే చోటా? ఫైల్లో స్పష్టత ఉండాలి."

ఆ స్పష్టతకి రెండు సమావేశాలు పట్టాయి. చివరికి అతుకు అంటే "కలయిక రూపంలో కొనసాగుచున్న విభజన" అని రాసుకుని, టీ తాగి లేచారు.

ఇక మంచి అతుకుని గుర్తుపట్టేదెలా అన్నది మిగిలింది. కంటితో చూద్దామన్నారు. ఎవరి కంటితో? సంఘంలో ఏడుగురివీ ఏడు రకాల కళ్ళద్దాలు. చీమల చేతే చెప్పిద్దామని మరొకరు సూచించారు. ఒక వంటగట్టు అతుకు మీద పంచదార నీళ్ళు పోసి, చుట్టూ కుర్చీలు వేసుకుని, రెండు గంటలు కూర్చున్నారు. చీమలు రాలేదు. అతుకు బాగుండి రాలేదా, రెండో శనివారం కాబట్టి రాలేదా అన్నది తేలలేదు.

నాలుగో సమావేశంలో పరాంకుశం మాట్లాడాడు.

అతను సమావేశాల్లో నోరు విప్పే మనిషి కాదు. ఆఫీసుకి దగ్గర్లో మేడ మీద ఒక గది, అందులో ఒక స్టవ్వు, ఒక కుర్చీ. రెండో కుర్చీ కొంటే ఎవరో రావలసి ఉన్నట్టు అనిపిస్తుందని కొనలేదు. చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. మనసు ఎక్కడో ఉన్నప్పుడు బొటనవేలి గోరు దేన్నో ఒకదాన్ని తడుముతూ ఉండేది. బల్ల అంచు, తలుపు చట్రంలో సందు, బస్సు సీటు మీద కుట్టు. ప్రతి వస్తువులోనూ ముక్కలు కలిపిన చోటు పట్టించే గీత ఒకటి ఉంటుందని, మనుషుల్లోనూ ఉంటుందని అతని అనుమానం. ఎదుటివాడు నవ్వుతుంటే ఆ నవ్వుని మొహానికి ఎక్కడ అతికించారో చూసేవాడు. తన నవ్వుకి ఆ గీత అందరికంటే పెద్దదని అతనికి తెలుసు. అందుకని తక్కువ నవ్వేవాడు.

ఆ రోజు బల్ల అంచుని తడుముతూ, తనతో తను అనుకుంటున్నాననుకుని, పైకే అన్నాడు. "మేస్త్రీలు గోరుతో చూస్తారు."

గదిలో అందరూ అతని వైపు తిరిగారు. కొందరికి అతను ఆ సంఘంలో సభ్యుడని అప్పుడే తెలిసింది.

"గోరుతోనా?" అన్నారు మార్కండేయులు.

"అతుకుకి అడ్డంగా గోరు పెట్టి లాగుతారు సార్. తగిలితే చెడ్డ అతుకు. తగలకపోతే మంచిది. అంతే."

'అంతే' అన్న మాట మార్కండేయులుకి నచ్చలేదు. గోరు నచ్చింది. "ఇది దేశీయ పరిజ్ఞానం. అయితే గోరు అని మినిట్స్‌లో రాస్తే బరువుండదు. నఖము అని రాయండి. నఖస్పర్శ ప్రమాణ పరీక్ష."

"ఎవరి నఖం సార్?" అని అడిగింది సెక్షన్ సూపరింటెండెంటు దమయంతి. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆమె ఏ ఫైలునీ ప్రశ్న తగిలించకుండా ముందుకి పోనివ్వలేదు. "ఒకళ్ళది పొడుగు, ఒకళ్ళది పొట్టి. ఒకరి గోరుకి తగిలింది ఇంకొకరికి తగలకపోవచ్చు. రేపు ఎవరైనా కోర్టుకెళ్తే ఏ గోరుని ప్రవేశపెడతాం?"

దాంతో మండలిలోని ముప్ఫై ఇద్దరు ఇంజనీర్ల కుడి బొటనవేళ్ళనీ వరసగా కొలిచారు. పధ్నాలుగు మంది గోళ్ళు కొరుక్కునేవాళ్ళని తేలింది. బదిలీల సీజను అప్పుడే ముగిసింది. ఇద్దరివి కారు తలుపుల్లో పడి నల్లబడ్డాయి. ఒకాయన గోరు భేషుగ్గా ఉంది గానీ ఆయన మీద విచారణ నడుస్తోంది. మార్కండేయులు గోరు ముందు వరసలో నిలిచింది కానీ, పళ్ళ సందుల్లోంచి వక్కపలుకులు తీసీ తీసీ అంచున వంపు వచ్చిందని దమయంతి గొంతు తగ్గించి చెప్పింది. పరాంకుశం గోరు చదునుగా, చారలు లేకుండా, తీరైన అంచుతో ఉంది. ప్రభుత్వ వైద్యుడు దాన్ని భూతద్దంలో చూసి "ఆరోగ్యకరము, నిరాడంబరము" అని సర్టిఫికెట్ ఇచ్చాడు.

పెరుగన్నంలోకి వచ్చిన ఉత్తర్వు ఇదీ:

"శ్రీ పరాంకుశం, అసిస్టెంట్ ఇంజనీరు వారి కుడిచేతి బొటనవేలి నఖమును మండలి యొక్క అధీకృత నఖముగా ఇందుమూలముగా ప్రకటించడమైనది. సదరు నఖము వేలి చివరను దాటి రెండు మిల్లీమీటర్లకు తక్కువ గాని, ఎక్కువ గాని కాకుండునట్లు సదరు ఉద్యోగి చూచుకొనవలెను. వంట, గోకుడు తదితర వ్యక్తిగత పనులకు సదరు నఖమును వినియోగించరాదు. ఈ నఖముతో పరీక్షించబడని ఏ వంటగదియు తెరువబడరాదు."

'గోకుడు' అన్న మాట దమయంతి చేర్చింది.

ఆఫీసులో అందరూ దాన్ని అధీకృత గోరు అన్నారు. దానికి తోలుతో చిన్న తొడుగు కుట్టించారు. రోజు విడిచి రోజు పొడవు కొలిచి రిజిస్టరులో రాసేవారు. పక్షానికోసారి ముగ్గురు సభ్యుల సమక్షంలో పెరిగినంత మేరకు కత్తిరించి, ఆ తునకని కవర్లో పెట్టి, లక్క సీలు వేసి బీరువాలో దాచేవారు. పరాంకుశం సెలవు అడిగితే, తను వెళ్ళవచ్చునని, గోరుకి మాత్రం సెలవు మంజూరు చేసే అధికారం ఎవరికీ లేదని జవాబు వచ్చింది. పర్యటనలకి గోరుకి ఏసీ కారు అర్హత ఉంది. అసిస్టెంట్ ఇంజనీరుకి లేదు. ఆ చిక్కుని దమయంతి విప్పింది. గోరు వెంట వెళ్ళే సహాయకుడిగా అతన్ని కూడా అదే కారులో కూర్చోబెట్టవచ్చునని నోట్ పెట్టింది.

మొదట్లో పరాంకుశానికి తన చేతిలో తను అద్దెకుంటున్నట్టు అనిపించింది. తల దువ్వుకోవాలన్నా, చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా ఇంటివాడిని అడగాలేమోనన్న భయం. కానీ రెండు వారాలు గడిచాక, తనలో ఇంకొకటి గమనించాడు. అతను వరండాలో నడుస్తుంటే జనం పక్కకి తప్పుకుంటున్నారు. ఇన్నేళ్ళూ అతని పేరుని 'పరంధామం' అని పిలిచిన పై అధికారి ఇప్పుడు సరిగ్గా పిలుస్తున్నాడు. "గోరు వచ్చిందా?" అని అడుగుతున్నప్పుడు వాళ్ళ చూపు తన చేతి మీదే ఉంటుంది, మొహం మీద కాదు. ఆ సంగతి అతనికి బాధగా ఉండవలసింది. హాయిగా ఉంది. మొహానికి కాపలా కాయవలసిన పని తప్పింది. తనలో పనికొచ్చేది రెండు మిల్లీమీటర్లేనని ప్రభుత్వం తేల్చి చెప్పాక, మిగిలిన అయిదడుగుల ఆరంగుళాలకీ ఏదో విశ్రాంతి దొరికినట్టయింది.

సెప్టెంబరు రెండోవారంలో గోరూ అతనూ చినగుంటపాలెం బాలికల హాస్టలుకి వెళ్ళారు.

అక్కడ కొత్త వంటగది జూలైకే పూర్తయింది. పరీక్ష కాలేదు గనక తాళం వేసి, తాళానికి గుడ్డ చుట్టి, సీలు వేశారు. వంటమనిషి ఆదెమ్మ ఆ గోడకి ఆనుకునే ఉన్న రేకుల షెడ్డులో, మూడు రాళ్ళ పొయ్యిల మీద వండుతోంది. ఆమెకి యాభై దాటాయి. కారు చూడగానే గరిటెతోనే వచ్చింది.

"గోరు సారు మీరేనా?"

"అవునమ్మా."

"రాండి రాండి. రెండు నెల్ల నించి మీ గోరు కోసరం కాసుకోనున్నాం. నూట ఎనభై మంది ఆడపిల్లకాయలకి ఈ రేకుల కింద వొండుతున్నా. వానొస్తే సాంబారు పెరుగుద్ది. వాన లేకపోతే నేను కరుగుతా. ఆ తాళం ఇప్పిచ్చి పుణ్యం కట్టుకోండి."

షెడ్డులో ఉల్లిపాయలు తరుగుతున్న మనిషి లేచి నిలబడ్డాడు. గట్టు అమర్చిన మేస్త్రీ దస్తగిరి. పరీక్ష ముగిసేదాకా అతుకు వేసిన మనిషి పనిచోట అందుబాటులో ఉండాలని నిబంధన. అతను రెండు నెలలుగా అందుబాటులో ఉన్నాడు. ఆదెమ్మ అతన్ని ఊరికే కూర్చోనివ్వలేదు. ఇప్పుడు ఉల్లిపాయల్లోనూ అతని చెయ్యి తిరిగింది.

సీలు తీసి లోపలికి వెళ్ళారు. నల్లటి బండ, దాని నిండా బంగారు నలుసులు. గోడ వెంట వెళ్ళి, మూల తిరిగి, కిటికీ దాకా పరుచుకున్న గట్టు. పరాంకుశం తొడుగు తీశాడు. గోరుని బండ మీద ఆనించి, ఒక కొస నుంచి మెల్లగా లాగాడు. మూల తిరిగాడు. కిటికీ దాకా వచ్చాడు. ఏమీ తగల్లేదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ లాగాడు. వంగి, చెంప బండకి ఆనించి, కిటికీ వెలుతురులో ఒక కన్ను మూసి చూశాడు. నీళ్ళలా ఉంది.

"ఇందులో అతుకు ఎక్కడుందయ్యా?"

"మీరు చెప్పాల గదా సార్, పరీచ్ఛ మీది," అన్నాడు దస్తగిరి. నవ్వు ఆపుకుంటున్నాడు. "రెండు బండలూ ఒకే రాయిలోయి సార్. క్వారీలో నాలుగు రోజులు కూర్చోని ఏరుకొచ్చా. చుక్కకి చుక్క, చారకి చార కలిపా. మూల నించి రెండడుగుల నాలుగంగుళాలు, టేపు పెట్టి చూసుకోండి. కొలత గుర్తుండబట్టి చెప్తన్నా గానీ, కంటికి నాకే కనపడదు."

పరాంకుశం టేపు పెట్టి, సరిగ్గా అక్కడ గోరు లాగాడు. ఏమీ లేదు. తన వేలు ఎక్కడ పెట్టినా తగిలే ఆ గీత, రెండు ముక్కల మధ్య ఉండి తీరాల్సిన ఆ గీత, ఇక్కడ లేకపోవడం అతనికి వింతగా అనిపించింది. ఆ వింతలో కొంచెం అసూయ కూడా ఉందని కారెక్కాక గమనించాడు. తాళానికి మళ్ళీ సీలు వేయించి, ఫారం నింపాడు. ఏడో గడి, అతుకు ఉన్న స్థలం: కనుగొనలేకపోవడమైనది. ఎనిమిదో గడి, నఖము తగిలినదా: తగల్లేదు.

ఫారం నాలుగు రోజుల్లో వెనక్కి వచ్చింది. దాంతో పాటు మార్కండేయులు పిలుపూ వచ్చింది.

"ఏడో గడి ఇలా రాస్తే ఎనిమిదో గడికి విలువేముందయ్యా? అతుకు ఎక్కడుందో తెలియనప్పుడు, నఖం అతుకు మీద నుంచే వెళ్ళిందని ఎలా రుజువు చేస్తాం?"

"గట్టు మొత్తం లాగాను సార్."

"అది గాలింపు. పరీక్ష కాదు."

"మేస్త్రీ కొలత చెప్పాడు సార్. రెండడుగుల నాలుగంగుళాలు."

"ఎవరి పనిని పరీక్షిస్తున్నామో వాళ్ళ మాటే సాక్ష్యంగా తీసుకుంటామా? ముందు అతుకుని స్వతంత్రంగా కనుగొను. తర్వాత పరీక్షించు."

"కనపడే అతుకు ఫెయిల్ గదా సార్?"

"కనపడితే ఫెయిల్. కనపడకపోతే పరీక్ష జరగనట్టు." మార్కండేయులు చేతులు బల్ల మీద పరిచారు. "ఇందులో నీకు అర్థం కానిదేముంది?"

పరాంకుశం మరో రెండుసార్లు చినగుంటపాలెం వెళ్ళాడు. భూతద్దం పట్టుకెళ్ళాడు. సుద్దపొడి చల్లి తుడిచాడు. గట్టు కిందికి దూరి చూశాడు. కింద కడప బండ పరిచి ఉంది, అటు నుంచీ ఏమీ లేదు. మూడో పర్యటనలో ఆదెమ్మ తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. ఆమె ముంజేతి మీద కొత్తగా కాలిన మచ్చ ఉంది. గాలికి పొయ్యి మంట ఎగదన్నిందట.

"ఏంది సారూ, పెళ్ళికూతురి చెంప నిమిరినట్టు నిమర్తానే ఉన్నారు. బాగుంటే బాగుందని రాయొచ్చు గదా?"

"అలా రాయడానికి గడి లేదమ్మా."

"గడి లేకపోతే గీసుకోవాల. గోరుంది గదా అంత పెద్దది."

దస్తగిరి నవ్వాడు. పరాంకుశానికి కోపం వచ్చింది, ఆ తర్వాత ఆ కోపం ఎవరిదో తేలలేదు. అధికారులకి వచ్చే రకం కోపం అది. తనకి ఎప్పుడూ వచ్చేది కాదు.

అక్టోబరు మూడోవారంలో సంఘం పరిష్కారం కనిపెట్టింది. దాని పేరు "గుర్తింపు చీలిక". అతుకు ఉందని చెబుతున్న చోట ఉలితో అంగుళం మేర తెరవాలి. అప్పుడు అతుకు స్వతంత్రంగా కనపడుతుంది. ఏడో గడి నింపవచ్చు. ఆపైన నఖస్పర్శ పరీక్ష చేసి ఎనిమిదో గడి నింపాలి.

"తెరిచాక గోరు తగులుతుంది గదా సార్," అన్నాడు పరాంకుశం.

"తగిలితే తగిలిందని రాయి. నిజాయితీ మన మండలి పునాది."

"అప్పుడు ఫెయిల్. గట్టు పీకి కొత్తది వెయ్యాలి. మళ్ళీ మూడు నెలలు."

"ఫెయిల్ అవడం కూడా ఒక ఫలితమే. ఫలితం లేకపోవడం పరిపాలనకి ప్రమాదం." మార్కండేయులు ఉత్తర్వు మీద సంతకం చేస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తారు. "పరాంకుశం, చైర్మన్ గారు నీ గురించి అడిగారు. రాష్ట్రం మొత్తానికి ఒకే గోరు అన్న ఆలోచన ఉంది. ఈ కేసు తేల్చెయ్."

మెట్లు దిగుతూ పరాంకుశం ఆ మాటని చాలాసార్లు తిరగేసుకున్నాడు. చైర్మన్ గారు నీ గురించి అడిగారు. నీ గురించి. అతని జీవితంలో అతని గురించి ఎవరైనా అడిగింది తక్కువ.

అతను ఉలి ఉత్తర్వుతో చినగుంటపాలెం చేరిన రోజున సముద్రంలో వాయుగుండం ఉంది. ఉదయం నుంచీ వాన. పదకొండు గంటలకి కారు దిగేసరికి గాలి కూడా కలిసింది. దస్తగిరి ఉత్తర్వు చదివించుకుని విన్నాడు. ఉలి తీసుకోలేదు.

"నేను కొట్టను సార్. మీరు కొట్టుకోండి. కొట్టి, దస్తగిరి జాయింటు బాగలేదని రాసుకోండి. నేను క్వారీలో ఏం మొహం పెట్టుకోని తిరగాల?"

"నీ అతుకు బాగలేదని ఎవరూ అనడం లేదు."

"బాగుందని కూడా ఎవురూ అన్లా గదా."

ఆ మాట ముగియకముందే వెనక పెద్ద చప్పుడైంది. షెడ్డు మీది రేకులు రెండు లేచి, పక్కకి దొర్లి, హాస్టలు ప్రహరీ మీద పడ్డాయి. మూడోది ఒక మేకు మీద వేలాడుతోంది. వాన నేరుగా పొయ్యిల్లోకి పడింది. సగం ఉడికిన పప్పు డేగిసాలో వాననీళ్ళు బుడగలు వేస్తున్నాయి. ఆదెమ్మ బియ్యం బస్తా మీద గోనెపట్టా కప్పి, దాని మీద తను వంగి నిలబడింది.

అదృష్టం బాగుండి ఎవరికీ తగల్లేదు. తడిసిపోయిన అమ్మాయిలు పదిమంది గిన్నెలు పట్టుకుని వరండాలోకి పరిగెత్తారు. ఒంటిగంటకి నూట ఎనభై మంది భోజనానికి వస్తారు.

ఆదెమ్మ వానలోనే పరాంకుశం ముందుకి వచ్చింది.

"తాళం తియ్యి సారూ."

"పరీక్ష అవకుండా..."

"నీ గోరు లోపల పెట్టుకో. తాళంచెవి బయటికి తియ్యి."

ఆమె అడుక్కోవడం లేదు. అరవడం కూడా లేదు. పక్కింటివాడిని గొళ్ళెం తియ్యమన్నట్టు అంది. పరాంకుశం జేబులో తాళంచెవి ఉంది. ఆ తాళం తీస్తే ఏమవుతుందో అతనికి వరసగా కనపడింది. తొడుగు పోతుంది. కారు పోతుంది. వరండాలో జనం మళ్ళీ పక్కకి తప్పుకోరు. చైర్మన్ గారు ఇంకెవరి గురించో అడుగుతారు. అతను మళ్ళీ పరంధామం అవుతాడు. ఈ రెండు నెలలుగా తను ఎంత పిరికిగా, ఎంత సుఖంగా ఆ రెండు మిల్లీమీటర్లలో కాపురం ఉన్నాడో ఆ వానలో నిలబడి చూసుకున్నాడు. చూసుకున్నంత మాత్రాన ధైర్యం రాలేదు. చెయ్యి మాత్రం జేబులోకి వెళ్ళింది. తర్వాత ఎప్పుడు తల్చుకున్నా, తాళం తీసింది చెయ్యేనని, తను దాని సహాయకుడిగా వెంట వెళ్ళానని అతనికి అనిపించేది.

తలుపు తెరుచుకోగానే ఆదెమ్మ గట్టు మీదికి బస్తా ఎత్తించింది. గ్యాసు స్టవ్వులు వెలిగాయి. పప్పు డేగిసా ఎక్కింది. అమ్మాయిలు వరసగా నిలబడి గట్టు మీద వంకాయలు తరగడం మొదలుపెట్టారు. దస్తగిరి తన బండ మీద మొదటి నీళ్ళు పడటం చూస్తూ ఒక్క క్షణం ఆగి, వెంటనే ఉల్లిపాయల దగ్గరికి వెళ్ళాడు. గట్టులో అతుకు ఎక్కడుందని ఎవరూ వెతకలేదు. దాని మీద కత్తిపీట ఉందో, చాట ఉందో కూడా ఎవరికీ పట్టలేదు.

పరాంకుశం ఒక మూల నిలబడ్డాడు.

"సారూ, ఊరికే ఉన్నారుగా. ఆ వెల్లుల్లి వొలవండి," అంది ఆదెమ్మ, వెనక్కి తిరక్కుండానే.

రెండు కిలోల వెల్లుల్లి. పరాంకుశం తోలు తొడుగు తీసి కిటికీలో పెట్టి, నేల మీద కూర్చున్నాడు. వెల్లుల్లి రెబ్బ మొదట్లో గోరు గుచ్చి లాగితే పొట్టు సర్రున వస్తుంది. ఆ పనికి బొటనవేలి గోరుని మించింది లేదు. పక్కన కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్ల అతని చేతిని చూసి, "సారు గోరు భలే ఉందే, మాకూ ఉంటే ఎంత బాగుండు," అంది. గోరుని గోరుగా మెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. అతను నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద ఎక్కడ అతుక్కుందో చూసుకోవడం మర్చిపోయాడు.

సగం వెల్లుల్లి అయ్యాక, ఒక మొండి రెబ్బ దగ్గర, టక్కున చిన్న చప్పుడైంది. గోరు వేలి మట్టానికి విరిగింది. పరాంకుశం ఆ ముక్కని చొక్కా జేబులో వేసుకుని, చెయ్యి కడుక్కుని, మిగతా సగం ఎడమచేత్తో ఒలిచాడు.

పిల్లలు ఒంటిగంటన్నరకి తిన్నారు. అరగంట ఆలస్యం.

మూడు రోజులకి సంఘం అత్యవసరంగా సమావేశమైంది. విరిగిన ముక్కని బల్ల మధ్యలో తెల్ల రుమాలు మీద పెట్టారు. దాన్ని అప్పగించినట్టు పరాంకుశం అంతకు ముందే దమయంతి దగ్గర రసీదు తీసుకున్నాడు.

"ఏ సందర్భంలో విరిగింది?" అన్నారు మార్కండేయులు.

"వెల్లుల్లి సందర్భంలో సార్."

"విరగ్గానే పని ఆపావా?"

"లేదు సార్. ఎడమచేత్తో ఒలిచాను."

"ఎడమచేతి గోరు అధీకృతం కాదు!"

"ఆ సంగతి వెల్లుల్లికి తెలియదు సార్."

ఆ జవాబుని మినిట్స్‌లో ఎలా రాయాలో తెలియక గుమాస్తా కలం పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు దమయంతి నిబంధనల పుస్తకం తెరిచింది.

"పందొమ్మిదో నిబంధన సార్. పొయ్యి వెలిగిన వంటగది నిర్మాణ విభాగం నుంచి మరమ్మతుల విభాగానికి బదిలీ అయినట్టే. నఖస్పర్శ పరీక్ష నిర్మాణ విభాగానికి మాత్రమే వర్తిస్తుంది. కాబట్టి చినగుంటపాలెం గట్టులో ఇప్పుడు పరీక్షించవలసిన అతుకు లేదు."

"అతుకు లేదా?"

"రికార్డు ప్రకారం లేదు సార్."

మార్కండేయులు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన మొహంలో ఎనిమిది నెలల బరువు దిగింది. "అతుకు లేని గట్టు," అన్నారు మెల్లగా. "మనం సాధించదలుచుకున్నది అదే గదా." ఆ వాక్యం వార్షిక నివేదికలోకి వెళ్ళింది. దస్తగిరిని పనిచోటు నుంచి విడుదల చేస్తూ ఉత్తర్వు వెళ్ళింది. పందొమ్మిదో నిబంధన సంగతి ఆదెమ్మకి ఎలా తెలిసిందో గానీ, నెల తిరిగేసరికి జిల్లాలో సీళ్ళు వేసి ఉన్న పదకొండు వంటగదుల్లో పొయ్యిలు వాటంతట అవే వెలిగాయి.

గోరు విషయం మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. మండలి ఆస్తిని వ్యక్తిగత వెల్లుల్లికి వినియోగించినందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో పదిహేను రోజుల్లో తెలపవలసిందిగా పరాంకుశానికి మెమో వచ్చింది. అతను మూడు వాక్యాలు రాసి ఇచ్చాడు: "వెల్లుల్లి వ్యక్తిగతం కాదు, నూట ఎనభై మందిది. విరిగిన ముక్క మీ దగ్గరే ఉంది. ఇప్పుడు మొలుస్తున్నది నాది."

మూడో వాక్యం కింద ఎర్రసిరాతో గీత పడింది. కొత్త గోరు ఉద్యోగిదే అనుకున్నా, అది మొలుస్తున్న వేలు ఎవరిదన్నది పరిశీలించవలసి ఉందని మార్కండేయులు రాశారు. న్యాయ సలహా కోరారు. సలహా వచ్చేదాకా సదరు వేలిని యథాస్థితిలో ఉంచవలెనని ఉత్తర్వు తయారైంది. ఉత్తర్వు అందినట్టు సంతకం కోసం దమయంతి స్వయంగా పుస్తకమూ, ముద్ర వెయ్యడానికి సిరా దిండూ పట్టుకుని అతని బల్ల దగ్గరికి వచ్చింది.

పరాంకుశం కలం తీసుకోలేదు. ఆమె చేతిలోని సిరా దిండు అందుకుని, బొటనవేలు అద్ది, సంతకం గడిలో గట్టిగా ఒత్తాడు.

"ఇదేమిటండీ, ఇంజనీరై ఉండి వేలిముద్రా?"

"వేలు ఎవరిదని అడిగారుగా," అన్నాడు పరాంకుశం. "పోల్చి చూసుకోమనండి."